సూది మొన – నర్సమ్మ చెయ్యి

(సాక్షరతా కేంద్రంలో చేసిన ప్రసంగం)



ఈ పూట ఒక చిన్న వస్తువు గురించి మాట్లాడుకుందాం. అది వేలెడు పొడుగుంటుంది. దాని మొన కంటికి సరిగా ఆనదు. దాన్ని చూస్తే పసిపిల్లలు ఏడుపు లంకించుకుంటారు. పెద్దవాళ్లు కూడా మొహం పక్కకు తిప్పుకుంటారు. అదే ఇంజెక్షను సూది.

సూదంటే రోగికి భయం. అది అందరికీ తెలిసిందే. కానీ ఆ సూది పట్టుకున్న నర్సమ్మకు కూడా దానితో అపాయం ఉంది. ఆ సంగతి చాలామందికి తెలియదు. నర్సమ్మకు తెలుసు. తెలిసి కూడా ఆమె ఒక్కోసారి ఆ అపాయంలో చెయ్యి పెడుతుంది. ఎందుకు పెడుతుంది? అదే ఈ పూట చెప్పుకునే విషయం.

ఒక రాత్రి డ్యూటీ

ఒక ఆస్పత్రి అనుకోండి. ఏ ఊరిదైనా సరే. రాత్రి పన్నెండు దాటింది. వార్డు నిండా రోగులు. మంచాలు చాలక కొందరు కింద పడుకున్నారు. ఉన్నది ఒక్క నర్సమ్మ.

అప్పుడు ఒక కుర్రాణ్ణి ఎత్తుకొచ్చారు. వాడి ఒళ్లు కాలిపోతోంది. ఫిట్స్ వచ్చి కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాడు. తల్లి ఏడుస్తోంది. మేనమామ కేకలేస్తున్నాడు.

"తొందరగా చూడండమ్మా! పిల్లోడు పోయేలా ఉన్నాడండీ!"

గ్లౌజుల పెట్టె గదికి ఆ చివర బీరువాలో ఉంది. వెళ్లి రావాలంటే రెండు నిమిషాలు. నర్సమ్మ వెళ్లలేదు. కుర్రాడి చెయ్యి పట్టుకుంది. నరం దొరకబుచ్చుకుంది. మందు ఎక్కించింది. సూది బయటికి తీస్తుండగా కుర్రాడు చెయ్యి విదిలించాడు. ఆ సూది వచ్చి ఆమె బొటనవేల్లో దిగింది.

చిన్న రక్తపు చుక్క. ఆమె దూది అద్దుకుంది. ఇంకో మంచం దగ్గరికి పోయింది. ఎవరూ చూడలేదు. ఆమె ఎవరికీ చెప్పలేదు. తెల్లారేసరికి కుర్రాడు కళ్లు తెరిచాడు. తల్లి నర్సమ్మకు చేతులెత్తి దణ్ణం పెట్టింది.

నర్సమ్మ ఇంటికెళ్లింది. మూడేళ్ల కూతురు ఎదురొచ్చి చేతులు చాచింది. ఎత్తుకోబోయి ఆగిపోయింది. బొటనవేలి వంక చూసుకుంది.

"ఏమైంది?" అన్నాడు భర్త.

"ఏమీ లేదండీ" అంది.

ఈ నర్సమ్మకు పేరు లేదు. కానీ ఇలాంటి రాత్రి ప్రతి ఆస్పత్రిలోనూ ఉంటుంది. "ఏమీ లేదు" అన్న ఆ మాట వెనక ఏముందో చూద్దాం.

రక్తంలో దాగే జబ్బులు

రక్తం ప్రాణాధారం. అదే రక్తంలో కొన్ని జబ్బుల క్రిములు కూడా దాగి ఉండొచ్చు. అందులో ముఖ్యమైనవి మూడు. ఒకటి హెపటైటిస్-బి. రెండు హెపటైటిస్-సి. మూడు హెచ్.ఐ.వి. ఈ మూడో క్రిమి వల్లనే ఎయిడ్స్ వస్తుంది.

మొదటి రెండూ కాలేయానికి పట్టే జబ్బులు. కామెర్లు అనగానే అన్నీ ఒకటే అనుకుంటాం. అన్నీ ఒకటి కావు. మురికి నీళ్ల వల్ల వచ్చే కామెర్లు వేరు. రక్తం ద్వారా వచ్చే కామెర్లు వేరు. రక్తం ద్వారా వచ్చేది కొందరిలో ఏళ్ల తరబడి ఒంట్లో ఉండిపోతుంది. పైకి ఏమీ కనపడదు. లోపల కాలేయం మెల్లమెల్లగా గట్టిపడుతుంది. కొందరికి అది క్యాన్సరుగా కూడా మారుతుంది.

జబ్బు ఉన్న మనిషికి వాడిన సూది ఇంకొకరికి గుచ్చుకుంటే ఏమవుతుంది? వైద్యులు లెక్క కట్టి చెప్పారు. రోగి రక్తంలో హెచ్.ఐ.వి. ఉంటే, అలా గుచ్చుకున్న వెయ్యిమందిలో సుమారు ముగ్గురికి అది అంటుకుంటుంది. హెపటైటిస్-బి అయితే లెక్క చాలా పెద్దది. టీకా వేయించుకోనివాళ్లకు గుచ్చుకుంటే నూటికి 6 నుంచి 30 మందికి రావచ్చు. పైగా ఆ క్రిమి మొండిది. ఎండిపోయిన రక్తపు మరకలో కూడా వారం రోజులు బతికి ఉండగలదు.

ఎయిడ్స్ అంటే అందరూ హడలిపోతారు. హెపటైటిస్-బి పేరు చాలామంది వినలేదు. కానీ సూది పోటుకు అంటుకోవడంలో పేరు తెలియని జబ్బే ముందుంది. ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

ఇంకో సంగతి కూడా గుర్తు పెట్టుకోవాలి. ఈ జబ్బులు ముట్టుకుంటే రావు. కలిసి భోంచేస్తే రావు. బిడ్డను ఎత్తుకుంటే రావు. ఆ నర్సమ్మ తన కూతుర్ని హాయిగా ఎత్తుకోవచ్చు. కానీ భయం పట్టిన మనసుకు ఆ ధైర్యం ఎవరు చెప్పాలి? ఆమె ఎవరికీ చెప్పనే లేదు కదా!

తెలిసి కూడా ఎందుకు?

ఇది తెలివితక్కువతనం కాదు. ఆమె ఈ సంగతులన్నీ చదువుకునే వచ్చింది. నిర్లక్ష్యం అని ఒక్క మాటలో కొట్టిపారేయడానికీ లేదు. కారణాలు చాలా ఉన్నాయి.

మొదటిది తొందర. ఎదురుగా ప్రాణం పోయేలా ఉంది. ఒకవైపు కనపడే అపాయం, ఇంకోవైపు కనపడని అపాయం. కనపడేది రోగిది. కనపడనిది తనది. ఆమె కనపడేదాని వైపే పరిగెడుతుంది. ఇల్లు తగలబడుతుంటే చెప్పులేసుకుని బిందె పట్టుకునేవాళ్లు ఉంటారా? ఇదీ అంతే.

రెండోది చేతివాటం. ముసలివాళ్లకీ, చంటిపిల్లలకీ నరం దొరకడం కష్టం. వేలి కొసతో తడిమి పట్టుకోవాలి. గ్లౌజు వేసుకుంటే ఆ స్పర్శ తెలియదంటారు కొందరు. కొందరు గ్లౌజు తొడుక్కుని, ఆ ఒక్క వేలి దగ్గర చింపుకుంటారు. కంచె కట్టి తలుపు తీసిపెట్టినట్టు!

గ్లౌజు సూదిని ఆపలేదు. నిజమే. కానీ సూది గ్లౌజులోంచి దూరేటప్పుడు దాని పైనున్న రక్తం కొంత గ్లౌజుకే తుడుచుకుపోతుంది. ఒంట్లోకి పోయే రక్తం తగ్గుతుంది. అందుకని గ్లౌజు వృథా కాదు. అలవాటైతే గ్లౌజు మీద నుంచి కూడా నరం తెలుస్తుంది.

మూడోది పాత అలవాటు. వాడిన సూదికి తిరిగి మూత పెట్టడం. ఇది జాగ్రత్త అనే అనుకుంటారు. నిజానికి ఒక చేత్తో మూత పట్టుకుని, రెండో చేత్తో సూది అందులోకి దూర్చడమంటే, సూదిని సొంత వేలికి గురిపెట్టడమే. వాడిన సూదికి మూత పెట్టకూడదు. సూటిగా గట్టి డబ్బాలో పడెయ్యాలి. డబ్బా చేతికందే దూరంలో ఉండాలి. డబ్బా వరండా చివర ఉంటే, అంతదూరం మొన విప్పి మోసుకెళ్లలేక ఆమె మూతే పెడుతుంది. తప్పు చేతిది ఒక్కదానిదే కాదు, డబ్బా పెట్టిన చోటుది కూడా.

నాలుగోది మొహమాటం. "ఈవిడ మా వీధి పిన్నిగారు. ఆవిడకు జబ్బేముంటుంది? గ్లౌజులు వేసుకుంటే ఏమనుకుంటుందో!" అనుకుంటుంది. మనిషిని చూసి జబ్బు చెప్పలేం. హెచ్.ఐ.వి. ఉన్న మనిషి చాలా ఏళ్లు ఆరోగ్యంగానే కనపడొచ్చు. ఆ సంగతి రోగికే తెలియకపోవచ్చు. అందుకే వైద్యులు ఒక నియమం పెట్టుకున్నారు. ఎవరి రక్తమైనా సరే, ఒకే జాగ్రత్త. పెద్దింటి రక్తం, పేదింటి రక్తం అని తేడా లేదు. ఎరిగినవాళ్లది, ఎరగనివాళ్లది అని తేడా లేదు. అందరికీ ఒకే జాగ్రత్త అయితే ఎవరికీ అవమానం లేదు.

అయిదోది సరుకు, మనుషులు. ఒక్కోచోట గ్లౌజులు అయిపోతాయి. ఒక్కోచోట సూదుల డబ్బా నిండిపోయి మొనలు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. ముగ్గురు చేసే పని ఒక్కరి మీద పడుతుంది. నిద్రలేని కంటికి సూది మొన ఏం ఆనుతుంది?

ఆరోది అన్నిటికంటే పెద్దది. చెప్పుకోలేని భయం. "గుచ్చుకుంది అని చెబితే చేతకానిదాన్ని అంటారు. పరీక్ష చేయిస్తారు. ఊళ్లో పొక్కుతుంది. ఏం జబ్బో అంటారు. ఇంట్లో ఏమనుకుంటారో!" ఇలా అనుకుని దాచేస్తుంది. సూది పోటుకు మందు ఉంది. దాచిన పోటుకు మందు లేదు.

ఏలూరులో ఆ డిసెంబరు

2020 డిసెంబరు మొదటి వారం ఏలూరు వాళ్లు మరిచిపోలేరు. ఉన్నట్టుండి మనుషులు పడిపోయారు. ఫిట్స్, నోట్లో నురగ, తలనొప్పి, మతి తప్పడం. మొదట వన్ టౌన్ ప్రాంతంలో ఎక్కువ కనపడింది. తరవాత చుట్టుపక్కలకూ పాకింది. కొద్ది రోజుల్లోనే 600 మందికి పైగా జబ్బుపడ్డారు. జనమంతా ఏలూరు ప్రభుత్వాసుపత్రికి పరుగులు పెట్టారు. అది కరోనా కాలం కూడా.

ఆ జబ్బేమిటో మొదట ఎవరికీ తెలియదు. గాలిదా, నీటిదా, తిండిదా, అంటుజబ్బా? ఏదీ తెలియదు. తెలియాలంటే రక్తం తీసి చూడాలి. రక్తం తీయాలంటే ఎవరో ఒకరు సూది పట్టుకోవాలి. డాక్టర్లు, నర్సులు, ల్యాబు వాళ్లు ఆ పని చేశారు. నమూనాలు మంగళగిరికీ, ఢిల్లీకీ వెళ్లాయి. రక్తంలో సీసం, నికెల్ అనే లోహాలు ఉన్నట్టు ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో బయటపడింది. వచ్చినవాళ్లలో ఎక్కువమంది కోలుకుని ఇళ్లకు వెళ్లారు.

ఒక్కసారి ఆలోచించండి. పడుకున్న మనిషి చెయ్యి ఉన్నపాటున కొట్టుకుంటుంది. ఆ చేతిలోంచి రక్తం తీయాలి. పక్కన ఇంకో పదిమంది ఎదురుచూస్తున్నారు. ఏం జబ్బో తెలియదు. అయినా సూది పట్టుకున్న చెయ్యి వెనక్కు పోలేదు. ఆ సీసాల్లో వెళ్లిన రక్తమే జబ్బు గుట్టు విప్పడానికి దారి చూపింది. పరీక్ష కాగితం మీద సీసం పేరు ఉంటుంది. రక్తం తీసిన చేతుల పేర్లు ఉండవు.

అలాంటి రోజున అపాయానికి ఎదురుపోవడం తప్పదు. కానీ రోజూ చేసే పనిలో, చేతికందే దూరంలో గ్లౌజులూ డబ్బా ఉంచుకోగలిగిన చోట, అపాయం తప్పించుకోవచ్చు. మొదటిది ధైర్యం. రెండోది అనవసరమైన నష్టం. ఈ రెంటినీ ఒకే గాటన కట్టకూడదు.

పాత కథ ఒకటి

వైద్యుడి చేతికి గాయం కావడం ఈనాటి మాట కాదు. దూరదేశం ఆస్ట్రియాలో వియన్నా అనే నగరం ఉంది. అక్కడి పెద్దాసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు పనిచేసేవాడు. కాన్పుల వార్డులో బాలింతలు జ్వరంతో చనిపోతుండేవారు. డాక్టర్లు, వైద్య విద్యార్థులు చూసే వార్డులో చావులు ఎక్కువ. మంత్రసానులు చూసే వార్డులో తక్కువ. ఎందుకో తెలిసేది కాదు.

1847లో సెమ్మెల్‌వైస్ స్నేహితుడు, కొల్లెచ్కా అనే డాక్టరు, శవపరీక్ష చేయిస్తున్నాడు. ఒక విద్యార్థి చేతిలో కత్తి ఆయన వేలికి తగిలింది. చిన్న గాయమే. ఆయన జ్వరంతో చనిపోయాడు. ఆయన శరీరంలో కనపడిన గుర్తులూ, బాలింతల శరీరాల్లో కనపడిన గుర్తులూ ఒకేలా ఉన్నాయి. సెమ్మెల్‌వైస్‌కు విషయం అర్థమయింది. శవాల గది నుంచి వచ్చే చేతులే బాలింతలకు జబ్బు మోసుకొస్తున్నాయి. ఆ ఏడే ఆయన క్లోరిన్ కలిపిన సున్నపు నీళ్లతో చేతులు కడుక్కోవాలని నియమం పెట్టాడు. చావులు బాగా తగ్గిపోయాయి.

కానీ పెద్ద పెద్ద డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. "మా చేతుల్లో మురికి ఉందా?" అని కోపం తెచ్చుకున్నారు. అప్పుడు అడ్డొచ్చింది తెలియకపోవడం ఒక్కటే కాదు. చేతి పరువు కూడా అడ్డొచ్చింది. ఈనాటి నర్సమ్మకు గుచ్చుకున్న మాట చెప్పుకోవడానికి అడ్డొచ్చేది కూడా ఆ పరువే.

కొల్లేటి లంకల్లో

ఇక మన కొల్లేటి సంగతి చూద్దాం. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెచ్చి కొల్లేట్లో పోస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి తీసుకుపోతుంది. నడుమ లంక గ్రామాలు. వానలు ముదిరితే దారులు మునుగుతాయి. అప్పుడు పడవే గతి.

పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పాతరోజుల్లో సూదులు గాజు సిరంజీలతో వేసేవారు. స్టవ్వు మీద చిన్న గిన్నెలో సిరంజీ, సూదులు మరగబెట్టేవారు. వాటినే మళ్లీ మళ్లీ వాడేవారు. సరిగా మరగకపోతే ఒకరి జబ్బు ఇంకొకరికి. సూది మొన మొద్దుబారితే రాయి మీద నూరిన రోజులు కూడా ఉన్నాయి.

ఇప్పుడు ఒక్కసారి వాడి పారేసే సిరంజీలు వచ్చాయి. పిల్లల టీకాలకు ఇంకా మంచి సిరంజీ ఉంది. ఒకసారి మందు ఎక్కించాక అది బిగుసుకుపోతుంది. మళ్లీ వాడదామన్నా పనిచేయదు. టీకా వేయగానే ఏ.ఎన్.ఎమ్. సూదిని ఒక చిన్న పరికరంలో పెట్టి కత్తిరిస్తుంది. దాన్ని హబ్ కట్టర్ అంటారు. సూది అందులోనే పడిపోతుంది.

పరికరాలు బాగుపడ్డాయి. కానీ మన అలవాటు ఒకటి బాగుపడలేదు. కాస్త ఒళ్లు వెచ్చబడితే చాలు, "డాక్టరుగారూ, ఓ సూదేసేయండి" అంటాం. మాత్ర ఇస్తే మొహం చిన్నబుచ్చుకుంటాం. "మాత్ర ఇచ్చి పంపేశాడండీ. ఈయనకేం తెలీదు" అంటాం. ఊరి ఆర్.ఎమ్.పి. కూడా సూది వేస్తేనే మంచివాడు.

మాత్రతో తగ్గే జ్వరానికి సూది ఎందుకు? అవసరం లేని ప్రతి సూదీ ఒక అపాయమే. వేయించుకునేవాళ్లకు అపాయం. వేసేవాళ్లకు అపాయం. పారేశాక ఎత్తేవాళ్లకు అపాయం. పది సూదుల్లో అయిదు తగ్గితే అపాయం కూడా సగం తగ్గినట్టే కదా!

ఊళ్లో కాన్పు జరిగేటప్పుడు కూడా అంతే. పురిటిలో రక్తం పోతుంది. ఉమ్మనీరు పోతుంది. తల్లికి సాయం పట్టే మంత్రసాని చేతులు, అత్తగారి చేతులు, ఆశా కార్యకర్త చేతులు రక్తంలో ఉంటాయి. ఆ చేతులకు పగుళ్లుంటే, చేపముల్లు గుచ్చుకున్న గాయాలుంటే, అవే జబ్బుకు గుమ్మాలు. చేపలు పట్టే ఇళ్లలో గాయం లేని చెయ్యి ఎక్కడుంటుంది? అందుకే కాన్పు ఆస్పత్రిలో కావాలి. దారిలో నొప్పులు ముదిరితే సాయం పట్టేవాళ్లు గ్లౌజులు తొడుక్కోవాలి. అవి లేకపోతే శుభ్రమైన ప్లాస్టిక్ సంచి అయినా చేతికి తొడుక్కోవాలి. తరవాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

చెత్తలో పడిన సూది

సూది నర్సమ్మ చేతిలోనే ఆగిపోదు. ఏలూరు నుంచి భీమడోలు, ఉంగుటూరు మీదుగా తాడేపల్లిగూడెం దాకా చూడండి. ఎన్ని ఆస్పత్రులు! ఎన్ని క్లినిక్కులు! ఎన్ని రక్తపరీక్షల ల్యాబులు! రోజూ ఎన్నో సూదులు వాడతారు. అవన్నీ ఎక్కడికి పోతాయి?

పోవలసిన చోటికి పోతే బాధ లేదు. ఆస్పత్రి చెత్తకు 1998లోనే కేంద్ర ప్రభుత్వం నియమాలు చేసింది. 2016లో వాటిని మార్చి కొత్తవి తెచ్చింది. రంగును బట్టి చెత్త వేరు చేయాలి. రక్తం అంటిన దూది, కట్లు పసుపుపచ్చ సంచిలో వేయాలి. సూది తీసేసిన సిరంజీలు, గొట్టాలు, గ్లౌజులు ఎర్ర సంచిలో వేయాలి. గాజు సీసాలు నీలం గుర్తు పెట్టెలో వేయాలి. సూదులు, బ్లేళ్లు మాత్రం తెల్లటి గట్టి డబ్బాలో వేయాలి. సూది గుచ్చినా ఆ డబ్బాకు చిల్లు పడకూడదు. చదువు నేర్చిన మీరు ఈసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు ఆ డబ్బాల మీద ఏం రాసుందో చదవండి.

నియమం తప్పి సూది మామూలు చెత్తలో పడిందనుకోండి. పొద్దున్నే చీకటితో లేచి వీధులూడ్చే మనిషి ఆ చెత్త ఎత్తుతుంది. చాలాసార్లు ఒట్టి చేతులతోనే ఎత్తుతుంది. సంచిని ఒళ్లో అదుముకుని బండిలో వేస్తుంది. సూది ఆమె తొడలో దిగుతుంది. నర్సమ్మకు కనీసం ఏం చేయాలో తెలుసు. ఈమెకు ఎవరు చెప్పారు? సీసాలు, ప్లాస్టిక్ ఏరుకునే పిల్లవాడికి ఎవరు చెప్పారు? ఆస్పత్రిలో పనిచేసేవాళ్లంటే డాక్టరు, నర్సు మాత్రమే కాదు. గచ్చు తుడిచే ఆయా, చెత్త మోసే కూలీ, రక్తం అంటిన దుప్పట్లు ఉతికే మనిషి కూడా అందులోవాళ్లే.

ఇంట్లో కూడా సూదులుంటున్నాయి. చక్కెర జబ్బు ఉన్నవాళ్లు ఇన్సులిన్ సూది ఇంట్లోనే వేసుకుంటారు. వాడిన సూదిని కాలవలో, చెత్తకుండీలో వేయకండి. గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించండి. డబ్బా నిండాక ఆస్పత్రిలో అప్పగించండి.

గుచ్చుకుంటే ఏం చేయాలి?

మొదట కంగారు పడకూడదు. గుచ్చుకున్న చోట సబ్బుతో, పారే నీళ్లతో కడగాలి. వేలు నోట్లో పెట్టుకోకూడదు. గాయాన్ని పిసకకూడదు. స్పిరిట్టు, బ్లీచింగు పోయకూడదు. పసుపు, సున్నం అద్దకూడదు. కంట్లో రక్తం చిందితే మంచినీళ్లతో బాగా కడగాలి.

తరవాత వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఇదే అన్నిటికంటే ముఖ్యం. హెచ్.ఐ.వి. రాకుండా కాపాడే మందులున్నాయి. వాటిని రెండు గంటల్లోపు మొదలుపెడితే చాలా మంచిది. 72 గంటలు, అంటే మూడు రోజులు దాటితే లాభం ఉండదు. 28 రోజులు మానకుండా మింగాలి. తరవాత చెప్పిన రోజులకు రక్తపరీక్షలు చేయించుకోవాలి.

హెపటైటిస్-బి కి అయితే ముందే టీకా ఉంది. మొదటిది వేసుకున్న నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. మొత్తం మూడు సూదులు. ఈ టీకా ఒకప్పుడు విదేశాల నుంచి రావాలి. సామాన్యుడికి అందే ధర కాదు. అప్పుడు కె.ఐ. వరప్రసాదరెడ్డి అనే తెలుగాయన హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ అనే సంస్థ పెట్టారు. 1997లో ఆ సంస్థ మన దేశంలోనే ఈ టీకా తయారుచేసి తక్కువ ధరకు తెచ్చింది. ఇప్పుడు పసిపిల్లలకు ప్రభుత్వం ఈ టీకా ఉచితంగా వేస్తోంది. కానీ ఈ టీకా రాకముందు పుట్టి, ఇప్పుడు ఆస్పత్రుల్లో పనిచేసే పెద్దవాళ్లు ఎంతోమంది ఉన్నారు. వాళ్లలో మూడు సూదులూ పూర్తి చేసినవాళ్లు ఎవరు? చేయనివాళ్లు ఎవరు? ప్రతి ఆస్పత్రీ ఈ లెక్క చూసుకోవాలి. వీధులూడ్చేవాళ్లకూ, చెత్త ఎత్తేవాళ్లకూ కూడా ఈ టీకా అందాలి. హెపటైటిస్-సి కి టీకా లేదు. కానీ నయంచేసే మాత్రలు వచ్చాయి.

చట్టం ఏమంటోంది?

2017లో పార్లమెంటు హెచ్.ఐ.వి., ఎయిడ్స్ మీద ఒక చట్టం చేసింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అది అమలులోకి వచ్చింది. పని చేసేచోట రక్తం తగిలే అపాయం ఉన్నవాళ్లకు యజమాని రక్షణ కల్పించాలి. గ్లౌజుల వంటివి ఇవ్వాలి. వాడే పద్ధతి నేర్పాలి. గుచ్చుకుంటే మందులు ఇప్పించాలి. హెచ్.ఐ.వి. ఉన్న మనిషిని చిన్నచూపు చూడకూడదు. అతని సంగతి నలుగురిలో బయటపెట్టకూడదు. ఇవన్నీ ఆ చట్టంలో ఉన్నాయి.

అంటే గ్లౌజు అడగడం దేబిరించడం కాదు. అది హక్కు. గుచ్చుకుందని చెప్పడం నేరం ఒప్పుకోవడం కాదు. అది కూడా హక్కే.

మన వంతు

"ఇదంతా ఆస్పత్రి వాళ్ల గొడవ. మనకెందుకు?" అనుకోవద్దు. ఆ రాత్రి నర్సమ్మను తొందరపెట్టింది ఎవరు? పిల్లవాడి మేనమామ. అతని బాధ అతనిది. తప్పు పట్టలేం. కానీ అతనికి ఈ సంగతి తెలిసుంటే ఏం చేసేవాడు? కుర్రాడి చేతిని కదలకుండా గట్టిగా పట్టుకునేవాడు. "గ్లౌజులు వేసుకోండమ్మా, నేను పట్టుకుంటా" అనేవాడు.

మనం చేయగలిగినవి చిన్న పనులే. నర్సమ్మ గ్లౌజులు తొడుక్కుంటే "మేమేమన్నా అంటరానివాళ్లమా?" అని కోపగించుకోవద్దు. ఆమె అందరికీ తొడుక్కుంటుంది. అక్కరలేని సూది అడగొద్దు. సూది వేసే చేతిని కదపొద్దు. ఒంట్లో జబ్బు ఉంటే డాక్టరు దగ్గర దాచొద్దు. కొత్త సిరంజీ కళ్లెదుటే విప్పమని మర్యాదగా అడగండి. ఆస్పత్రిలో గ్లౌజులు లేకపోతే, సూదుల డబ్బా లేకపోతే, అర్జీ రాయండి. అక్షరాలు నేర్చుకున్నది అందుకు కూడా కదా!

ఇక ఆ నర్సమ్మ సంగతి. కథ ఇలా ముగియాలని కోరుకుందాం. ఆమె భర్త మళ్లీ అడిగాడు. ఈసారి ఆమె చెప్పింది. అతను చొక్కా వేసుకున్నాడు. "పద, ఇప్పుడే పెద్దాసుపత్రికి వెళ్దాం. ఇంకా టైముంది" అన్నాడు. అక్కడ డాక్టరు ఆమెను కోప్పడలేదు. "చెప్పి మంచిపని చేశావమ్మా" అన్నాడు. మందులిచ్చాడు. మర్నాడు గ్లౌజుల పెట్టెను బీరువాలోంచి తీయించి మంచాల పక్కన పెట్టించాడు.

బయటికొచ్చాక ఆమె భర్త చేతుల్లోంచి కూతుర్ని అందుకుంది. భుజాన వేసుకుని ఇంటికి నడిచింది.